చక్రాల పలక, కొండదారి, అందరి సినిమా

స్కేట్‌బోర్డు మీద కొండ మలుపుల్లో, అడవి దారుల్లో సాగిపోయే సాహస చిత్రాలు మీలో చాలామంది ఫోనులో చూసే ఉంటారు. అవి ఎక్కువగా ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. ఒక యువకుడు, ఖరీదైన పలక, మనిషి జాడ లేని పెద్ద కొండ, పైన తిరిగే డ్రోన్. అతను దూకుతాడు, పడతాడు, లేచి మళ్ళీ దూకుతాడు. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ చూస్తున్న ఆడపిల్లకో, చక్రాల కుర్చీలో కూర్చున్న అబ్బాయికో, చూపు సరిగా లేని స్నేహితుడికో అందులో తమకంటూ చోటు కనిపించదు. అందరికీ చోటున్న సాహస చిత్రాన్ని ఎలా ఆలోచించాలి, ఎలా తీయాలి అన్నదే ఈ పాఠం.

దీన్ని మేము కోల్‌కతాలోని వాట్‌గంజ్‌లో కూర్చుని రాస్తున్నాం. ఇక్కడ కొండా లేదు, అడవీ లేదు. లారీలు, గోదాములు, డాక్ గోడలు, పక్కన హుగ్లీ నది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో కర్నల్ హెన్రీ వాట్సన్ అనే కంపెనీ ఇంజనీరు ఇక్కడ ఓడలు కట్టే చోటు ఏర్పాటు చేశాడు. ఆయన పేరు మీదనే ఇది వాట్‌గంజ్ అయింది. ఖిదిర్‌పూర్ డాక్ 1892లో మొదలైంది. ఓడ వచ్చినప్పుడు రోడ్డునే పైకి లేపేసే వంతెన ఈ దగ్గర్లోనే ఉంది. పక్కనే గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం. 2003 వరకు వాల్తేరు డివిజన్ ఈ రైల్వేలోనే ఉండేది కాబట్టి, ఈ చుట్టుపక్కల తెలుగు మాట వినబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. నాన్నకో అమ్మకో బదిలీ అయితే మనం వచ్చాం, మళ్ళీ బదిలీ అయితే వెళ్ళిపోతాం. ఈ సంగతికీ సినిమాకీ సంబంధం ఉంది, తర్వాత చెబుతాం.

ముందు పలక గురించి. 1950ల్లో అమెరికాలోని కాలిఫోర్నియా పిల్లలు రోలర్ స్కేట్ల చక్రాలు ఊడదీసి చెక్కకి మేకులతో కొట్టుకున్నారు. స్కేట్‌బోర్డు పుట్టుక అంతే. మన ఊళ్ళలో పిల్లలు లారీ షెడ్డుల్లో పారేసిన బేరింగులు ఏరుకొచ్చి, చెక్కకి బిగించి, బేరింగుల బండి చేసుకునేవారు. తాతయ్యనో మావయ్యనో అడిగితే ఆ బండి చప్పుడు ఎంత దూరం వినబడేదో చెబుతారు. ఆలోచన రెండు చోట్లా ఒకటే. ఒకటి ఒలింపిక్స్ దాకా వెళ్ళింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఆడపిల్లల స్ట్రీట్ స్కేట్‌బోర్డింగ్‌లో బంగారు, వెండి పతకాలు గెలిచిన ఇద్దరికీ పదమూడేళ్ళే. రెండోది వీధి చివర ఆగిపోయింది.

ఇంకో చక్రాల పలక కూడా ఉంది. పెద్ద స్టేషన్ల దగ్గర, గుళ్ళ దగ్గర కాళ్ళు లేని మనుషులు చిన్న చక్రాల చెక్క మీద కూర్చుని, చేతులతో నేలను నెట్టుకుంటూ జనం మధ్య నుంచి చకచకా వెళ్ళిపోవడం మనమందరం చూశాం. ఎంత గుంపులోనైనా దారి చేసుకుంటారు, అంచు దగ్గర ఠక్కున ఆగుతారు. దాన్ని ఎవరూ సాహసం అనలేదు, ఆట అనలేదు. బ్రెజిల్‌కి చెందిన ఫెలిపె నూనెస్ చిన్నతనంలో రైలు ప్రమాదంలో రెండు కాళ్ళూ పోగొట్టుకున్నాడు. అతను పలక మీద కూర్చుని చేతులతో నెట్టుకుంటూ మెట్లమీంచి దూకే వృత్తి స్కేటరు అయ్యాడు. అప్పుడు ప్రపంచం కెమెరా తిప్పింది. ఎవరి చేతి కింద చక్రం తిరిగితే మనకు అది సాహసంగా కనబడుతుంది? సినిమా తీయబోయేవాళ్ళు స్క్రిప్టు కన్నా ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి.

చక్రానికి ఏ నేల కావాలి?

అడవిలో స్కేట్‌బోర్డింగ్ అనగానే మట్టిదారిలో పలక దూసుకుపోతున్నట్టు ఊహించుకుంటాం. అలా జరగదు. వీధి స్కేట్‌బోర్డు చక్రం వ్యాసం సుమారు 50 నుంచి 54 మిల్లీమీటర్లు, గట్టిగా ఉంటుంది. శనగగింజంత రాయి అడ్డం వచ్చినా పలక ఆగుతుంది, మనిషి మాత్రం ఆగడు. లాంగ్‌బోర్డు చక్రాలు 70 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటాయి, మెత్తగా ఉంటాయి, గరుకు తారు రోడ్డును ఓర్చుకుంటాయి. 1970ల్లో ఫ్రాంక్ నాస్‌వర్తీ అనే ఆయన యూరిథేన్ చక్రాలు అమ్మడం మొదలుపెట్టక ముందు ఇనుప చక్రాలు, మట్టి ముద్దతో చేసిన చక్రాలు ఉండేవి. వాటి మీద మలుపు తిరగడమే గండం. అందుచేత కొండల్లో తీసిన స్కేట్ చిత్రాలన్నీ నిజానికి రోడ్డు చిత్రాలే. కొండ చుట్టూ ఉంటుంది, చక్రం తారు మీద ఉంటుంది.

ఘాట్ రోడ్డు వాలు ఎంతుంటుంది? మన దేశంలో కొండ రోడ్లకు మామూలుగా పాటించే వాలు 20 మీటర్లకు 1 మీటరు. అంటే 100 మీటర్ల దారిలో 5 మీటర్లు కిందకి దిగుతాం. తొమ్మిదో తరగతిలో చదివిన శక్తి నిత్యత్వ సూత్రం వేసి చూడండి: ఘర్షణ లేదనుకుంటే 5 మీటర్లు దిగేసరికి వేగం సెకనుకు సుమారు 10 మీటర్లు, గంటకు 36 కిలోమీటర్లు. ఘర్షణ, గాలి కలిసి దాన్ని తగ్గిస్తాయి. అయినా సగం వేగమే మోకాలి చిప్పకు చాలు. అందుకే శిరస్త్రాణం, మోకాలి, మోచేతి, మణికట్టు రక్షలు లేకుండా ఒక్క షాటు కూడా తీయకూడదు. బళ్ళు తిరిగే ఘాట్ రోడ్డు మీద పిల్లలు పలక ఎక్కనే కూడదు. ఈ విషయంలో మాకు రెండో మాట లేదు. వాలు తక్కువున్న కాలనీ రోడ్డు, పెద్దల అనుమతితో మూసిన దారి, ఖాళీ మైదానపు గచ్చు ఇవి చాలు. వెనక కొండ కనబడితే సినిమాలో అది కొండదారే.

ఇక్కడే ఇంకో లెక్క. చక్రాల కుర్చీ కోసం కట్టే ర్యాంపు 12 మీటర్లకు 1 మీటరు కంటే నిటారుగా ఉండకూడదని నియమం. అంటే మామూలు ఘాట్ రోడ్డు, మన బడి ర్యాంపు కన్నా తక్కువ వాలు! దూరం ఎక్కువ కాబట్టి కుర్చీ వెనక తాడు పట్టుకుని ఇద్దరు పెద్దలు నడవాలి. కానీ "కుర్చీలో ఉన్నవాళ్ళు కొండదారి సినిమాకి రాలేరు" అన్న మాట లెక్కల్లో నిలవదు.

ఎవరు ఎలా తీశారు?

చూసి నేర్చుకోదగ్గ చిత్రాలు కొన్ని ఉన్నాయి. 1965లో నోయెల్ బ్లాక్ తీసిన "స్కేటర్‌డేటర్" పద్దెనిమిది నిమిషాల చిత్రం. అందులో ఒక్క సంభాషణ లేదు, సంగీతం, చక్రాలే. 1966 కాన్ చిత్రోత్సవంలో లఘుచిత్రాల అత్యున్నత బహుమతి గెలిచింది. మాటలు లేవు కాబట్టి తెలుగు పిల్లలకీ, బెంగాలీ పిల్లలకీ ఒకేలా అర్థమవుతుంది. చూపు లేనివారికి మాత్రం అదే చిత్రం దాదాపు మూసిన తలుపు. ఒకరికి తలుపు తీస్తే ఇంకొకరికి మూసుకోవచ్చన్నమాట.

స్పెయిన్ రాజధాని మాడ్రిడ్ దగ్గరి కొండల్లో 2010లో హువాన్ రాయోస్ అనే దర్శకుడు "కార్వింగ్ ది మౌంటెన్స్" తీశాడు. లాంగ్‌బోర్డ్ గర్ల్స్ క్రూ అనే ఆడపిల్లల బృందం పలకల మీద గుంపుగా కొండదారి దిగడం, అంతే కథ. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న పోటీ కనబడదు. సాహసమంటే ఒంటరి వీరుడు కానక్కర్లేదని ఆ చిన్న చిత్రం చూపించింది. పర్వతారోహకుల పద్ధతి ఒకటి ఇక్కడ పనికొస్తుంది: అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళని ముందు పెట్టి, మిగతావాళ్ళు వారి వెంట నడవడం. సినిమాలో కూడా నెమ్మదైన చక్రాన్ని ముందు పెట్టండి, కెమెరా దాని వేగంతో కదలనివ్వండి. గుంపు విడిపోదు, దృశ్యం కూడా విడిపోదు.

కాబూల్‌లో స్కేట్‌బోర్డింగ్‌తో పాటు చదువు నేర్చుకునే ఆడపిల్లల మీద కారల్ డైసింజర్ తీసిన డాక్యుమెంటరీకి 2020లో ఆస్కార్ వచ్చింది. దర్శకురాలు, నిర్మాత, ఛాయాగ్రాహకురాలు ముగ్గురూ స్త్రీలే. పేరు కోసం అలా పెట్టుకోలేదు. ఆ తరగతిగదిలో ఆడపిల్లలు బెరుకు లేకుండా మాట్లాడాలంటే కెమెరా వెనక ఎవరున్నారన్నది ముఖ్యం.

మన దేశంలో రెండు కథలు పక్కపక్కన పెట్టి చూడాలి. మధ్యప్రదేశ్‌లో పన్నా పులుల అభయారణ్యం దగ్గర జన్‌వార్ అనే పల్లె. 2015లో ఉల్రికే రైన్‌హార్డ్ అనే జర్మన్ మహిళ అక్కడ స్కేట్ పార్కు మొదలుపెట్టారు. నియమాలు రెండే: బడికి రాకపోతే స్కేటింగ్ లేదు, ఆడపిల్లలకి ముందు చోటు. గోండు, యాదవ పిల్లలు కలిసి ఆడని ఊళ్ళో పలకల కోసం కలిసి వరసలో నిలబడ్డారు. ఆ ఊరి ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్‌జింగ్‌లో జరిగిన ప్రపంచ పోటీలకు భారత్ తరఫున వెళ్ళింది. రెండోది 2021లో వచ్చిన "స్కేటర్ గర్ల్". దర్శకురాలు మంజరి మాకిజానీ. రాజస్థాన్‌లో ఉదయపూర్ వైపు ఖేంపూర్ అనే పల్లెలో తీశారు. సినిమా కోసం నిజమైన స్కేట్ పార్కు కట్టి, షూటింగ్ అయ్యాక పిల్లలకే వదిలేశారు. ఆశా జీవితంతో పోలికలున్నాయని అప్పుడు చర్చ జరిగింది. ఇది ఏ ఒక్కరి జీవితకథా కాదని దర్శకురాలు చెప్పారు. మా దృష్టిలో ఆ చర్చ కూడా పాఠమే. ఎవరి ఊళ్ళో కెమెరా పెడతామో వారి పేరు, వారి మాట, వారి వాటా ఏమిటన్నది షూటింగ్‌కి ముందే తేలాలి. ఆ పార్కు అక్కడ మిగిలిపోవడం మాత్రం మాకు అన్నిటికన్నా నచ్చింది.

మేమా, మనమా?

తెలుగులో మనకొక సౌకర్యం ఉంది. "మేము" అంటే వినేవాళ్ళు అందులో లేరు. "మనం" అంటే వినేవాళ్ళూ ఉన్నారు. హిందీలో "హమ్", బెంగాలీలో "ఆమ్రా", ఇంగ్లీషులో "వి" రెంటికీ ఒకే మాట. బెంగాలీ స్నేహితుడు "ఆమ్రా జాబొ" అంటే తనవాళ్ళు వెళ్తున్నారా, నన్నూ రమ్మంటున్నాడా అని వాట్‌గంజ్‌లో ఎన్నిసార్లు తికమక పడ్డామో! సినిమాకి కూడా ఇదే కొలత పెట్టవచ్చు. "మేము కొండ దిగాం, మీరు చూడండి" అన్నది ఒక చిత్రం. "మనం దిగుతున్నాం" అన్నది ఇంకో చిత్రం. రెండోదానికి దారి, వేగం, కెమెరా, శబ్దం అన్నీ మొదటి రోజే వేరుగా ఆలోచించాలి. అంతా తీసేశాక చివర్లో చక్రాల కుర్చీలో ఉన్న స్నేహితుడు చప్పట్లు కొడుతున్న షాటు ఒకటి అతికిస్తే అది "మేము" సినిమాయే.

తెలుగులో ఒక చిక్కు కూడా ఉంది. బెంగాలీ క్రియలో ఆడా మగా తేడా ఉండదు. మన క్రియ దాచుకోదు. షాట్ల జాబితాలో "స్కేటర్ మలుపు దగ్గరికి వస్తాడు" అని రాయగానే చదివినవాళ్ళందరి మనసులో మగపిల్లవాడు వచ్చేస్తాడు. "వస్తారు" అని రాసి చూడండి, ఎవరు రావాలన్న ప్రశ్న బృందంలో అప్పుడు లేస్తుంది.

పనులు పంచడంలో అసలు సంగతి ఉంది. 1960లో విడుదలైన "బ్రెత్‌లెస్" అనే ఫ్రెంచి సినిమాకి ట్రాలీ పట్టాలకు డబ్బు లేక, ఛాయాగ్రాహకుడు రావుల్ కుతార్‌ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి దర్శకుడు గొదార్ తానే తోశాడు. ఆ కదిలే షాట్లు సినిమా చరిత్రలో నిలిచిపోయాయి. మన తరగతిలో చక్రాల కుర్చీ వాడే స్నేహితులుంటే, కెమెరాని నున్నగా కదిలించే సాధనం వాళ్ళ దగ్గరే ఉంది. దాన్ని నడపడంలో మిగతా అందరికన్నా అనుభవం వాళ్ళకే ఉంది. కెమెరా వాళ్ళదే. కుర్చీని అరువు అడిగి వాళ్ళని పక్కన కూర్చోబెట్టడం మాత్రం చేయకండి.

శబ్దం సంగతీ అంతే. అమెరికాలో డాన్ మన్సీనా అనే స్కేటరుకి చూపు పోయింది. చేతికర్రతో నేలను తడుముతూ, విని, దారి గుర్తుపెట్టుకుని స్కేట్ చేస్తాడు. కళ్ళు మూసుకుని మీరూ వినండి. తారు మీద చక్రం రొద ఒకలా, గచ్చు మీద ఇంకోలా, గచ్చు పలకల అతుకుల మీద రైలు పట్టాల్లా టక్ టక్ అని వినబడుతుంది. గాల్లోకి లేచినప్పుడు ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత పలక నేలకి తగిలిన దెబ్బ. చూపు లేని స్నేహితులు హెడ్‌ఫోన్లు పెట్టుకుని "ఈ టేకులో నిశ్శబ్దం సరిగా పడలేదు, మళ్ళీ తీద్దాం" అంటే దర్శకులు వినాలి. గాలి హోరు తగ్గడానికి మైకు మీద స్పాంజి ముక్కో, మెత్తటి గుడ్డో చుట్టడం మరవొద్దు.

ఇప్పుడు బదిలీ సంగతి. సాహస చిత్రానికి ఒక ఏడాది పట్టిందనుకోండి, ఏప్రిల్ వచ్చేసరికి బృందంలో సగం మంది సామాన్లు సర్దుకుంటూ ఉంటారు. కథానాయిక చక్రధర్‌పూర్ వెళ్ళిపోతే సినిమా ఆగిపోతుందా? వెళ్ళినవాళ్ళ షాట్లు తీసేసి కొత్తవాళ్ళతో మళ్ళీ తీస్తే, ఒకరిని సినిమాలోంచి కూడా బదిలీ చేసినట్టే. మా సలహా ఇది: వాట్‌గంజ్‌లో మొదలుపెట్టి, మిగతా దారిని వెళ్ళినవాళ్ళ చేతుల్లోనే పెట్టండి. చక్రధర్‌పూర్ అంటే సారండా సాలవనాలు దగ్గర. ఆద్రా వెళ్తే పురూలియా గుట్టలు. విశాఖ వైపు వెళ్తే కొత్తవలస నుంచి అరకు మీదుగా సాగే రైలు మార్గం, అనంతగిరి కొండలు. ఏ నిర్మాత డబ్బు పెట్టినా దొరకనన్ని ప్రకృతి దృశ్యాల దగ్గరికి మనల్ని బదిలీ ఉత్తర్వులే పంపిస్తాయి.

ముక్కలు కలవాలంటే కొన్ని ఒప్పందాలు ఉండాలి. ఫోను అడ్డంగానే పట్టుకోవాలి. సెకనుకు 25 ఫ్రేములు అని అందరూ ఒకటే పెట్టుకోవాలి. చక్రం ఎప్పుడూ తెర ఎడమ నుంచి వచ్చి కుడి వైపు వెళ్ళాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. వాట్‌గంజ్‌లో కుడి అంచున మాయమైన చక్రం అరకులో ఎడమ అంచున కనబడితే, చూసేవారి మనసు తొమ్మిది వందల కిలోమీటర్ల దూరాన్ని తనే కుట్టేసుకుంటుంది. కెమెరా పలక ఎత్తులో, నేలకి జానెడు పైన ఉండాలి. ప్రతిచోటా అర నిమిషం పాటు ఏమీ చేయకుండా ఆ చోటి శబ్దం మాత్రం రికార్డు చేయాలి. ఇక్కడైతే ఓడ కూత, అక్కడైతే వాగు.

పలక నడవని చోటుంటే భుజం మీద పెట్టుకుని నడవండి. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు భూగర్భ వారసత్వ స్థలం. ఆ ఇసుకలో చక్రం తిరగదు, తిరిగినా తిప్పకూడదు. పలక మోసుకుంటూ దారి పక్కన నడిచే షాటు కూడా సాహసమే. అడవిలో అటవీశాఖ అనుమతి కావాలి. డాక్ గేటు లోపల పోర్టు అధికారుల అనుమతి లేకుండా కెమెరా తీయకూడదు. ఇక డ్రోను: ఓడరేవు, ఫోర్ట్ విలియం ఇంత దగ్గరున్న వాట్‌గంజ్‌లో దాని ఊసే వద్దు.

తీశాక ఇంకో పని మిగులుతుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, టీవీ వంటి మాధ్యమాల్లో చూపు లేనివారికి దృశ్య వ్యాఖ్యానం, వినబడనివారికి సంకేత భాష, తెరమీది అక్షరాలు ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలంటుంది. థియేటర్లలో ఆడే సినిమాల విషయంలో కేంద్ర సమాచార ప్రసార శాఖ 2024 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది. బడి సినిమాకి చట్టం అడ్డం రాదు గానీ, అలవాటు ఇక్కడే మొదలవ్వాలి.

దృశ్య వ్యాఖ్యానం తెలుగులో రాయడం చాలా ఆసక్తికరమైన పని. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. "దూరంగా కొండ మలుపులోంచి ఎర్రచొక్కా వేసుకున్న అమ్మాయి మోకాళ్ళు వంచి వేగంగా జారుతూ వచ్చి రాయి తగిలి పడిపోయింది" అని చదివేలోపు తెర మీద ఆ అమ్మాయి లేచి దుమ్ము దులుపుకుంటూ ఉంటుంది. వినేవాళ్ళకి పడిన సంగతి అందరూ అయ్యో అన్నాక తెలుస్తుంది. ముక్కలు చేయండి: "కొండ మలుపు. ఎర్రచొక్కా అమ్మాయి. మోకాళ్ళు వంగాయి. రాయి! పడింది." ఇప్పుడు మాట దృశ్యంతో పరుగెత్తుతోంది. "పాపం", "అద్భుతంగా" లాంటి మాటలు పెట్టకండి. పాపమో కాదో వినేవాళ్ళు తేల్చుకుంటారు. చక్రాల రొద ఉన్నచోట మాట్లాడకండి, ఆ రొదే వారికి దృశ్యం.

అభ్యాసం: మీ కాలనీలో సైకిలు తొక్కుతున్న పిల్లల్ని అర నిమిషం ఫోనులో తీయండి. దానికి పై పద్ధతిలో ముప్ఫై మాటలకు మించకుండా వ్యాఖ్యానం రాయండి. తెర చూపకుండా ఇంట్లో అమ్మమ్మకో తమ్ముడికో వినిపించి, ఎవరు ఎటు వెళ్ళారో వేలితో గాలిలో గీయమనండి. గీత తప్పితే వ్యాఖ్యానం తిరగరాయండి. వీలైతే అదే దృశ్యానికి బెంగాలీ స్నేహితులతో వారి భాషలో ఒకటి రాయించి, రెండింట్లో ఏది ముందు పరుగెత్తిందో పక్కపక్కన పెట్టి వినండి.